కోటయ్య గారి మూడు వందల తువ్వాళ్ళు

ఆర్డరు వచ్చిన పూట

1996 ఫిబ్రవరి 12, సోమవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు గవర్నర్‌పేటలోని మా దుకాణం మెట్లెక్కి ఒక పెద్దమనిషి వచ్చారు. మాది మొదటి అంతస్తు. ఆయాసం తీరడానికి ఆయనకు కొంతసేపు పట్టింది. మంచినీళ్ళు తాగి, సంచిలోంచి ఒక ఫోటో తీసి నా బల్ల మీద పెట్టారు. ఫోటోలో ఉన్నాయనకు పైవరసలో రెండు పళ్ళు లేవు. అయినా నోరారా నవ్వుతున్నారు.

“ఈ ఫోటో తువ్వాళ్ళ మీద వెయ్యాలమ్మాయ్. మూడు వందలు కావాలి. పెద్దకర్మకి పంచటానికి.”

పదకొండో రోజు భోజనాలకు వచ్చినవాళ్ళకు పోయినవారి పేరు, ఫోటో ఉన్న వస్తువేదో ఒకటి చేతిలో పెట్టి పంపడం మా వైపు ఆచారం. స్టీలు డబ్బా, గుడ్డ సంచి, తువ్వాలు, ఎవరి స్తోమతను బట్టి వాళ్ళు. అలాంటి ఆర్డర్లు మాకు తరచుగా వచ్చేవి. అందుచేత అలవాటుగా ఫారం తీశాను.

“మీ అన్నగారా అండీ? పోలికలు బాగా ఉన్నాయి.”

“నేనే.”

తలెత్తి చూశాను. ఆయన నోరు తెరిచి పైవరస చూపించారు. రెండు పళ్ళు లేవు.

“మరి పెద్దకర్మ ఎప్పుడండీ?”

“ఏమో. అర్జంటు ఆర్డరు కాదులే.”

డెలివరీ తేదీ అన్న గడిలో కలం పెట్టి అలాగే ఉండిపోయాను. అక్కడ ఏం రాయాలో నా ఐదేళ్ళ అనుభవం నాకు చెప్పలేదు. ఆయనే వివరించారు. హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక పల్లె. పేరు కోటయ్య. పన్నెండెకరాల మాగాణి రైతు.

“మొన్న మా అన్న పోతే స్టీలు డబ్బాల మీద బొమ్మ వేయించారు మావాళ్ళు. భోజనాలకొచ్చినోళ్ళు డబ్బా చూసి, ఎవరిదయ్యా ఈ బొమ్మ అని నన్నే అడిగారు. అందుకని నా మొహం నేను చూసుకునే వేయించుకుంటా. తప్పా?”

“తప్పని కాదండీ...”

“మరి రాసుకో. పోయిన తేదీ ఉంటుందే, ఆ చోటు ఖాళీగా వదులు. అదొక్కటీ నా చేతిలో లేదు.”

తువ్వాలు పద్నాలుగు రూపాయలు, అచ్చు మూడు రూపాయలు. మూడు వందలకు ఐదు వేల వంద. మొత్తం రొక్కంగా అక్కడే ఇచ్చారు. అడుగున వేయవలసిన పేర్లు ఒక్కొక్కటే చెప్పి రాయించారు. ఇట్లు, పెద్దకుమారుడు శ్రీనివాసరావు, కుమార్తె విజయలక్ష్మి, చిన్నకుమారుడు రాంబాబు. కుమార్తె పేరు మధ్యలో ఎందుకని నేను అడగలేదు. పుట్టిన వరస కాబోలనుకున్నాను.

మా పని ఏమిటి

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అచ్చువేయడమే కష్టమనుకుంటారు. అది కష్టం కాదు. చెక్క ఫ్రేముకు సన్నని నైలాను గుడ్డ బిగించి, దాని మీద బొమ్మ తీస్తాం. దాన్ని స్క్రీన్ అంటాం. స్క్రీన్ కింద చొక్కాయో తువ్వాలో పరచి, పైనుంచి రంగు లాగితే బొమ్మ దిగుతుంది. ఆరు నెలలు నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది. నా ఉద్యోగం అది కాదు. వచ్చిన మనిషికి ఏం కావాలో తెలుసుకుని, దాన్ని అచ్చువేసేవాళ్ళకు అర్థమయ్యేలా రాసి, సరుకు తయారయ్యాక ఆ మనిషి చేతనే ‘ఇదే నేనడిగింది’ అనిపించడం నా ఉద్యోగం. 1991 నుంచి 2009 దాకా అదే చేశాను. ఇప్పటికీ ఆ పని నాకు పూర్తిగా అర్థమైందని చెప్పలేను.

ఉదాహరణకు, ఒకసారి హనుమాన్ జంక్షన్ నుంచి ఒక వాలీబాల్ జట్టు బనియన్ల కోసం వచ్చింది. డబ్బు పెడుతున్న రొయ్యల వ్యాపారి, వీపు మీద వేసే ప్రతి అంకె కూడిక తొమ్మిది రావాలని పట్టుబట్టాడు. తొమ్మిది, పద్దెనిమిది, ఇరవై ఏడు, అలా తొంభై దాకా వేసిచ్చాం. చూడముచ్చటగా వచ్చాయి. పోటీ నిర్వాహకులు మాత్రం అంత పెద్ద అంకెలు చెల్లవన్నారు. కుర్రాళ్ళు బనియన్లు తిరగేసి తొడుక్కుని, సుద్దముక్కతో అంకెలు రాసుకుని ఆడారు. తరవాత మా మీదే కేకలు వేశారు. ఆర్డరిచ్చేది ఒకరు, డబ్బిచ్చేది ఒకరు, తొడుక్కునేది ఇంకొకరు. వీళ్ళలో కస్టమరు ఎవరని ఆ రోజు మా యజమానిని అడిగాను.

యజమాని పేరు మస్తాన్ గారు. దర్జీల కుటుంబం నుంచి వచ్చిన మనిషి. కోపం తక్కువ, పట్టుదల ఎక్కువ. లాభం విషయంలో ఆయన లెక్కలు తప్పేవి. నాణ్యం విషయంలో తప్పేవి కావు. ఆయన ఇలా అన్నారు: “శాంపిల్ మీద సంతకం ఎవరు పెడితే ఆయనే కస్టమరమ్మా. మిగతావాళ్ళంతా చుట్టాలు.”

మా దుకాణంలో అది ఏర్పాటు. మొదటి ముక్క తీసి చూపించి, నచ్చితే ఆ గుడ్డ మూలనే బాల్‌పెన్నుతో సంతకం పెట్టించుకునేవాళ్ళం. ఆ తరవాత దారం పోగంత తేడా కూడా రాకూడదు. ఆ ఏర్పాటు మంచిదనే నేటికీ నా అభిప్రాయం. అయితే అది అన్నిటికీ సమాధానం చెబుతుందనుకోవడం పొరపాటు.

ఏడాదికోసారి

కోటయ్య గారు శాంపిల్ చూసి, మీసం నల్లగా వచ్చిందని సంతోషించి, మూలన సంతకం పెట్టారు. మూడు వందలూ తేదీ లేకుండా అచ్చువేశాం. తీసుకువెళ్ళమంటే ఒప్పుకోలేదు.

“ఇంట్లో పెడితే మా ఆడాళ్ళు ఏడుస్తారు, మగాళ్ళు వాడేస్తారు. మీ దగ్గరుంచండి. కబురొస్తే తేదీ వేసి ఇచ్చెయ్యండి.”

బతికున్నవారి కర్మ సరుకు దుకాణంలో పెట్టుకోవడం నాకు నచ్చలేదు. మస్తాన్ గారికి చెప్పాను. “డబ్బు తీసుకున్నాం కదమ్మా” అని ఒక చెక్కపెట్టె ఖాళీ చేయించారు.

అది మొదలు ఏటా ఎండలు ముదరకముందు కోటయ్య గారు వచ్చేవారు. కలరా ఉండలు మార్చామా లేదా, పురుగు పట్టిందా లేదా చూసుకునేవారు. ఒక తువ్వాలు విప్పి తన మొహాన్ని కాసేపు చూసుకుని మడిచేవారు.

“ఇంకా నన్ను నిలవే ఉంచారా?”

“మీరే కదలటంలా గదండీ, సరుకెట్టా కదులుద్ది?” అనేవారు మస్తాన్ గారు.

ఇద్దరూ నవ్వుకునేవారు. నేను నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయేదాన్ని.

ఇంటి సంగతి 1999లో చెప్పారు. కుమార్తె 1991లోనే పొలంలో తన వాటా అడిగింది. ఆయన ఇద్దామన్నారు. కొడుకులు కుదరదన్నారు. ఆమె కోర్టుకు వెళ్ళింది. అప్పటినుంచి ఆ ఇంటి గడప ఆమె తొక్కలేదు, వాళ్ళు పిలవలేదు. ముగ్గురి పేర్లూ ఒకచోట చేరే అవకాశం ఆ తువ్వాలు మీద తప్ప ఇంకెక్కడా లేదని ఆ రోజు నాకు తెలిసింది. ఏటా ఆయన వచ్చేది మొహం చూసుకోవడానికో, అడుగున ఉన్న పేర్లు చూసుకోవడానికో మాత్రం తెలియలేదు.

“సరుకు ఎవరికిమ్మంటారండీ?” అని అడిగాను.

“ఎవరొస్తే వాళ్ళకియ్యి.”

“వచ్చినవాళ్ళు ఇంకొకరి పేరు తీసెయ్యమంటే?”

ఆయన నా మొహం చూశారు. “తీస్తావా?”

ఆయన కర్ర అందుకుని మెట్లు దిగిపోయారు. ఆయన అడిగింది ప్రశ్నో, హెచ్చరికో, వేళాకోళమో ఇంతవరకు తేల్చుకోలేదు. ఒకటి మాత్రం కొత్తవారికి చెబుతాను. కస్టమరు ప్రశ్నకు ప్రశ్నతో జవాబిస్తే ఆ మాట అక్కడ వదిలేయకండి. కూర్చోబెట్టి తేల్చండి. నేను వదిలేశాను.

పెద్దబ్బాయి

2003 నవంబరు 3, సోమవారం కోటయ్య గారు పోయారు. బుధవారం ఆయన పెద్దకొడుకు శ్రీనివాసరావు గారు వచ్చారు. హనుమాన్ జంక్షన్‌లో ట్రాక్టరు విడిభాగాల దుకాణం నడుపుతారు. తువ్వాళ్ళ మాట తండ్రి ఆయనకు చివరి వారంలో చెప్పారట. పెట్టె తెరిచి ఒకటి చేతికిచ్చాను. ఫోటో చూసి ఆయన కళ్ళు తడిశాయి. అడుగున పేర్లు చూడగానే మొహం గట్టిపడింది.

“ఇవి పనికిరావండీ. కొత్తవి మూడు వందలు వెయ్యండి. స్టూడియో ఫోటో ఇస్తాను. పేర్లు మా అన్నదమ్ములిద్దరివే. ఇయ్యి తగలబెట్టెయ్యండి.”

“కొత్తవి వేస్తామండి,” అన్నారు మస్తాన్ గారు. “ఇయ్యి తగలబెట్టం.”

“ఏం?”

“మీ నాన్నగారి ఆర్డరండీ ఇది.”

“చచ్చిపోయిన మనిషికి ఆర్డరేంటండీ?”

“మనిషి పోయాడుగానీ ఆయనిచ్చిన డబ్బు మా దగ్గరే ఉందిగదండీ.”

“ఆ డబ్బు నాకు తిరిగిచ్చెయ్యండి. నేను వారసుణ్ణి.”

“అట్టా అయితే ముగ్గురికీ పంచాలండీ,” అన్నారు మస్తాన్ గారు, ఏమాత్రం నవ్వకుండా.

శ్రీనివాసరావు గారు లేచి నిలబడ్డారు. వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. ఎనిమిది రోజుల్లో మూడు వందల తువ్వాళ్ళు వేసిచ్చే దుకాణం ఇంకొకటి వెతుక్కునే ఓపిక ఆయనకు లేదు. కొత్త ఆర్డరు రాయించి, అడ్వాన్సు ఇచ్చి, పెట్టె వైపు చూడకుండా వెళ్ళారు.

కూతురు

శుక్రవారం మధ్యాహ్నం మస్తాన్ గారు నమాజుకు వెళ్ళిన సమయంలో ఒకావిడ వచ్చారు. నేత చీర, భుజానికి సంచి. గుడివాడ వైపు బడిలో టీచరునని చెప్పారు. విజయలక్ష్మి గారు. అన్న ఇంటినుంచి కబురు రాలేదు. తండ్రి పోయిన సంగతి, తువ్వాళ్ళ సంగతి ఊళ్ళోవాళ్ళ ద్వారా తెలిశాయి.

నాకు ధైర్యం వచ్చింది. ఆమె తండ్రి ఇష్టాన్ని నిలబెట్టడానికి వచ్చారనుకుని, పెట్టె తెరిచి చూపించి, అన్నగారు ఏమన్నారో, మా యజమాని ఎలా ఒప్పుకోలేదో కాస్త ఉత్సాహంగానే చెప్పాను. ఆవిడ అంతా విని, తువ్వాలు మడత పెట్టి వెనక్కి ఇచ్చారు.

“నా పేరు తీసెయ్యండి.”

“ఏమండీ?”

“పన్నెండేళ్ళుగా కోర్టుకి తిరుగుతున్నానండీ. ఒక్క వాయిదాకి ఆయన నా పక్కన నిలబడలేదు. మొగుడూ నేనూ బస్సుల్లో తిరిగాం. ఇప్పుడు భోజనాలకొచ్చిన నాలుగూళ్ళ జనం ముందర, మేమంతా ఒకటేనని ఈ తువ్వాలు చెబుతుందా? నేను చెప్పను ఆ అబద్ధం.”

“మీ నాన్నగారు ఏటా వచ్చి చూసుకునేవారండీ.”

“కోర్టు దగ్గరికి ఒక్కసారి వస్తే సరిపోయేది.”

ఆవిడ సంచి సర్దుకుని మెట్లు దిగిపోయారు. నేను తువ్వాలు పెట్టెలో పెట్టి మూత వేశాను.

మేమిద్దరం

మస్తాన్ గారు తిరిగి రాగానే జరిగింది చెప్పాను. ఆయన టోపీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

“తీసెయ్యమనే ఇద్దరూ బతికున్నారు. ఉంచమన్నాయన లేడు. మీరేమంటారమ్మా?”

పేర్ల మీద ముదురు గోధుమరంగు పట్టీ ఒకటి అచ్చువేసి కప్పేద్దామన్నాను. ఫోటో ఉంటుంది, ఎవరి మనసూ నొవ్వదు. ఒక పాత బనియను మీద అవే అక్షరాలు వేసి, పట్టీ లాగించి చూశాను. రంగు కింద అక్షరాలు ఉబ్బెత్తుగా కనబడుతూనే ఉన్నాయి. దాచినట్టు తెలిసిపోతోంది. ఉన్నదానికంటే అదే అసహ్యంగా ఉంది.

“వద్దులెండి,” అన్నారు మస్తాన్ గారు. “ఆయనకి చూపించిన శాంపిలు ఇది. మూలన సంతకముంది. తేదీ ఒక్కటే మనం బాకీ. అది వేద్దాం.”

“వేసి ఎవరికిద్దామండీ? ఎవరూ వద్దంటున్నారే.”

“ఆర్డరెక్కడికి పోవాలో అక్కడికి చేర్చుదాం. పంచుకుంటారో పారేసుకుంటారో వాళ్ళిష్టం. పారెయ్యటం మన పని కాదు.”

“ఆవిడ నోటితో వద్దందండీ. అది ఆవిడ పేరు.”

“అవును,” అన్నారాయన. “అదే నాకూ తెలవటంలా.”

పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆయన అలా ఒప్పుకోవడం అదొక్కసారే విన్నాను. ఆ రోజు మేము తీసుకున్నది నిర్ణయం కాదు. మాకు తెలిసిన ఒకే ఒక్క ఏర్పాటును, అది పనికివస్తుందో రాదో తెలియని చోట వాడాం. శాంపిల్ సంతకం బనియన్లకు పుట్టిన నియమం. అది మనుషుల మధ్య తీర్పు చెప్పడానికి పుట్టలేదు. కొత్తగా వచ్చేవాళ్ళు ఈ తేడా గుర్తుంచుకోవాలి. గుర్తుంచుకున్నందువల్ల ఏం చేయాలో మాత్రం నేను చెప్పలేను.

పెద్దకర్మ

నవంబరు 13, గురువారం రెండు మూటలూ ట్రాలీ ఆటోలో వేసుకుని నేనే వెళ్ళాను. కొత్తవి మూడు వందలు, తేదీ వేసిన పాతవి మూడు వందలు. శ్రీనివాసరావు గారు కొత్తవి లెక్క చూసుకుని, బాకీ ఇచ్చి, పాతమూట వైపు వేలు చూపించారు.

“అదెందుకు తెచ్చారు?”

“మీ నాన్నగారి సరుకండీ. అప్పగించి వెళ్తాను.”

గొడవ పడే వేళ కాదది. మూటను వసారా మూలకు తోయించారు. నన్ను భోజనం చేసి వెళ్ళమన్నారు. ఎంత కోపమున్నా ఆ మాట అనకుండా ఉండలేరు మా వైపువాళ్ళు.

విజయలక్ష్మి గారు వచ్చారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఆడవాళ్ళ వరసలో చివర కూర్చున్నారు.

రెండో బంతి లేచేసరికి కొత్త తువ్వాళ్ళు అయిపోయాయి. కోటయ్య గారు ఎంతమందికి కావలసినవారో కొడుకుల అంచనాకు అందలేదు. పొరుగూళ్ళ నుంచి ట్రాక్టర్లలో జనం దిగుతూనే ఉన్నారు. భోజనం చేసి చేతులు కడుక్కున్నవాళ్ళు గుమ్మం దగ్గర వరసగా నిలబడ్డారు. మొదటి బంతివాళ్ళ భుజాల మీద తువ్వాళ్ళున్నాయి. వీళ్ళ చేతులు ఖాళీ.

“ఏరా శీనూ, మాకు లేవా? మేం మీ నాన్నకేం కామా?” అన్నాడొక ముసలాయన, అందరికీ వినబడేలా.

పెద్దకర్మ నాడు మనిషిని ఉత్తచేతులతో పంపిన ఇల్లు ఆ ఊళ్ళో తలెత్తుకోలేదు. శ్రీనివాసరావు గారు ఆ వరసను చూశారు, నన్ను చూశారు, వసారా మూల చూశారు. తరవాత ఆయనే వెళ్ళి, పాతమూట తాడు పళ్ళతో కొరికి విప్పారు.

ఏడేళ్ళ నిలవకు అంచులు కొంచెం పసుపెక్కాయి. ఎవరూ పట్టించుకోలేదు.

“ఇందులో నవ్వుతున్నాడ్రా. ఇదీ కోటయ్యంటే.”

“ఏదీ, నాదాంట్లో మొహం బిగుసుకుపోయినట్టుంది. మార్చివ్వరాదూ?”

పేర్లు ఎవరో పైకి చదివారు. మధ్య పేరు దగ్గర ఒక్క క్షణం గొంతులు తగ్గాయి. మళ్ళీ మామూలయ్యాయి. శ్రీనివాసరావు గారు తలవంచుకుని ఒక్కొక్కటే పంచుతూ ఆడవాళ్ళ వైపు వచ్చారు. వరస చివర చెల్లెలు. చేతిలో ఉన్నది తండ్రి మూటలోనిదే. ఆయన చెయ్యి చాపారు. ఆవిడ అందుకున్నారు. ఆవిడ పేర్లు లోపలికి పోయేలా తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు.

వెళ్ళేటప్పుడు నా దగ్గర ఆగారు.

“తీసెయ్యమన్నాను కదండీ.”

“అన్నారండి.”

“మరి?”

“మీ నాన్నగారు ఉంచమన్నారండి.”

“ఆయనకేం, పోయాడు. రేపు ఈ ఊళ్ళోవాళ్ళకి జవాబు చెప్పాల్సింది నేను.”

ఆమె అన్నది నిజం. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. మేము చేసింది తప్పని తేలితే కదా అడగడం. తేలలేదు.

మిగిలింది, పోయింది

అచ్చయిన తువ్వాళ్ళు రెండు ఆర్డర్లూ కలిపి ఆరు వందలు. కొత్తవి మూడు వందలూ పంచారు. పాతవాటిలో రెండు వందల పద్నాలుగు పంచారు. ఎనభై ఆరు ఆ ఇంట్లోనే ఉండిపోయాయి. తగలబెట్టినట్టు కబురు రాలేదు. పాత ఆర్డరు మీద కలరా ఉండలు, పెట్టె, ఆటో ఖర్చు పోగా మాకు దక్కిన లాభం లేదు. కొత్త ఆర్డరు మీద దక్కింది కొద్దిగా. హనుమాన్ జంక్షన్ నుంచి ఆ తరవాత మాకు ఒక్క ఆర్డరూ రాలేదు. అక్కడి కస్టమర్లు ఏడుగురు పోయారు. వాలీబాల్ జట్టు వారిలో ఒకటి.

కేసు రాజీకి రాలేదు. 2007లో తీర్పు వచ్చింది. విజయలక్ష్మి గారికి నాలుగెకరాలు దక్కాయి. అన్నదమ్ములతో ఆమెకు రాకపోకలు మళ్ళీ మొదలు కాలేదని విన్నాను.

మస్తాన్ గారు 2009 మార్చిలో దుకాణం మూసేశారు. శాంపిల్ ముక్కలన్నీ ఎవరివి వాళ్ళకు కబురు పెట్టి ఇచ్చేశాం. కోటయ్య గారి సంతకం ఉన్న ముక్కకు కబురు ఎవరికి పెట్టాలో మాకు తెలియలేదు. అది భవానీపురంలో మా ఇంట్లో ఉంది.